మాయమైన రంగు ఎక్కడికి పోయింది?

పాఠకుల ప్రశ్నలు – కెమిస్ట్రీ మాస్టారి జవాబులు

(అనంతపురంలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మాస్టారు ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు. పంట వ్యర్థాలు, కైటోసాన్ కలిపి చేసే పొడులతో నీళ్ళలోని విషాలు తీసేయడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.)

ప్రశ్న: మావాడు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. బుడ్డల (వేరుశనగ) పొట్టు బొగ్గు, రొయ్య పెంకుల నుంచి తీసిన కైటోసాన్, కాస్త రాగి కలిపి ల్యాబ్‌లో ఒక పొడి చేశారట. మిథిలీన్ బ్లూ అనే రంగు నీళ్ళలో ఇంకో మందుతో పాటు ఈ పొడి వేస్తే కొన్ని నిమిషాల్లోనే నీలం మొత్తం పోయింది. వీడియో పంపించాడు. నేను ఒక చిన్న జీన్స్ వాషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. మా నీళ్ళకు ఇది పనికొస్తుందా సార్?
– ఒక పాఠకుడు, రాయదుర్గం

జవాబు: వీడియోలో మోసమేమీ ఉండదు, మీవాడు చేసింది మంచి పనే. మీ యూనిట్‌కు మాత్రం ఇప్పుడే పనికిరాదు.

ముందు ఆ పొడిలో ఎవరి పని ఏమిటో చూద్దాం. బుడ్డ బరువులో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పొట్టే ఉంటుంది. ఆ పొట్టులో ముఖ్యంగా ఉండేవి సెల్యులోజ్, లిగ్నిన్. గాలి తగలకుండా కాలిస్తే సన్నటి రంధ్రాలతో నిండిన బొగ్గు మిగులుతుంది. చవకైన, గట్టి ఆధారం అది. కైటోసాన్ సంగతి వేరు. రొయ్య, పీత పెంకుల్లో కైటిన్ ఉంటుంది. పెంకుల్ని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నం కరిగిపోతుంది, పలచటి కాస్టిక్ సోడాలో ప్రోటీన్ పోతుంది. మిగిలిన కైటిన్‌ను 40 నుంచి 50 శాతం కాస్టిక్ సోడాలో కాగబెడితే దాని ఎసిటైల్ గ్రూపులు చాలావరకు ఊడిపోయి అమైన్ గ్రూపులు బయటపడతాయి. ఇలా వచ్చేదే కైటోసాన్. ఇదేమీ నిన్నమొన్నటి వింత కాదు. 1811లో బ్రాకోనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పుట్టగొడుగుల్లో కైటిన్‌ను గుర్తించాడు. 1859లో రూజే దాన్నుంచి కైటోసాన్ చేశాడు.

అమైన్‌లోని నత్రజనికి రాగి, వెండి లాంటి లోహాల అయాన్లంటే మక్కువ, దొరికితే వదలదు. అలా పట్టుకున్న అయాన్లను అక్కడికక్కడే లోహంగా మారిస్తే నానో కణాలు ముద్దకట్టకుండా విడివిడిగా నిలుస్తాయి. ఉత్ప్రేరకంగా, అంటే తాను ఖర్చవకుండా చర్యను వేగంగా నడిపించేదిగా, అసలు పని చేసేది ఆ కణాలే. పొట్టు, కైటోసాన్ వాటికి ఇల్లూ వాకిలీ.

ఇక ఆ నీలం యాడికి పోయింది? నా దగ్గర చదువుకున్న వాళ్ళెవరైనా ఈ మాట చూస్తే నవ్వుకుంటారు, ప్రాక్టికల్స్‌లో నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. రంగు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి అధిశోషణం, అంటే పొడి రంగును తన ఒంటికి అంటించుకోవడం. చెత్తను చీపురుతో మూలకు తోసినట్టే, రంగు ఎక్కడికీ పోలేదు, చోటు మారింది. రెండోది, ఉత్ప్రేరకం దగ్గర రంగు అణువే విరిగిపోవడం, లేదా రూపు మార్చుకోవడం.

మీవాడు వేసిన ఇంకో మందు సోడియం బోరోహైడ్రైడ్ అయ్యుంటుంది, ఇలాంటి ప్రాజెక్టుల్లో అదే మామూలు. దానితో మిథిలీన్ బ్లూ విరిగిపోనక్కర్లేదు. హైడ్రోజన్ పుచ్చుకుని రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది, అంతే. ఆ సీసాను ఒకరోజు పక్కన పెట్టి, బోరోహైడ్రైడ్ ఖర్చయిపోయాక మూత తీసి బాగా కుదపమనండి. గాలిలోని ఆక్సిజన్ తగిలి నీలం మళ్ళీ తేలితే అణువు చెక్కుచెదరలేదన్నమాట. తేలకపోతే తరవాతి పరీక్షలకు పోవచ్చు. ఆ రెండో వీడియో కూడా పంపమనండి.

మీ నీళ్ళ దగ్గరికి వస్తాను. జీన్స్ నీలం ఇండిగో. అది మిథిలీన్ బ్లూలా నీళ్ళలో కరిగి ఉండదు, సన్నటి రేణువులుగా తేలుతుంటుంది. దానికి తోడు గుడ్డకు పెట్టిన గంజి, ప్యూమిస్ రాళ్ళ పొడి, ఎంజైములు, ప్యాంటు తొడల దగ్గర తెల్లగా రావడానికి పొటాషియం పర్మాంగనేట్ కొడితే దాని మాంగనీసు, బ్లీచింగ్ వాడితే క్లోరిన్, ఉప్పు. వీడియోలో ఉన్నది డిస్టిల్డ్ వాటర్, అందులో ఒకే ఒక్క రంగు. మీ తొట్టిలో నానో పొడి వేస్తే ముందు గంజీ మడ్డీ దాని రంధ్రాలు మూసేస్తాయి. మీకు ఇప్పుడు కావలసింది పాత పద్ధతే: మడ్డిని కూర్చోబెట్టే తొట్టి, పటిక, సున్నం, ఆ తరవాత గంజిని తినే బ్యాక్టీరియా ఉన్న గాలి తొట్టి. ఇవన్నీ దాటాక మొండిగా మిగిలే రంగుకు మీవాడి పొడి పనికొస్తే రావచ్చు. వాడి గైడు ఒప్పుకుంటే, ఒక క్యాను మీ నీళ్ళు తీసుకెళ్ళి వాటి మీద చేయమనండి. థీసిస్‌లో ఆ ఒక్క పట్టికకే ఎక్కువ విలువ ఉంటుంది.

ప్రశ్న: మేము ఇంట్లోనే పట్టు నూలుకు రంగులేస్తాం. మిగిలిన రంగు నీళ్ళు కాలవలో పోస్తుంటే వీధిలో రోజూ రాద్ధాంతం. కైటోసాన్ పొడి వేస్తే రంగు దిగిపోతుందని ఎవరో చెప్పారు. నిజమా అండీ? చేతులకు ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు, ఉరవకొండ

జవాబు: నిజమేనమ్మా. పైగా మీ పని జీన్స్ వాళ్ళ పని కంటే కైటోసాన్‌కు బాగా కుదురుతుంది.

పట్టుకు ఎక్కువగా వాడేవి యాసిడ్ రంగులు. నీళ్ళలో వాటికి రుణావేశం ఉంటుంది. మీరు రంగు పట్టడానికి ఎసిటిక్ యాసిడ్ కలుపుతారు కదా, ఆ పులుపులో కైటోసాన్ అమైన్లకు ధనావేశం వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పట్టు దారం రంగును పట్టుకునేది కూడా చాలావరకు ఇలాంటి అమైన్లతోనే. పులుపు ఎక్కువైతే మామూలు కైటోసాన్ కరిగిపోతుంది. కరిగినా నష్టం లేదు, పటికలాగా రంగును ముద్దగట్టి అడుగుకు దింపుతుంది. మార్కెట్లో కైటోసాన్‌ను నీళ్ళు తేటపరచడానికి అమ్మేది ఈ గుణం కోసమే. అతిగా వేస్తే మాత్రం ముద్దలు మళ్ళీ విడిపోతాయి, అందుకని ముందు ఒక గ్లాసులో కొలతతో చేసి చూసుకోండి.

ఇక ఉత్ప్రేరకం వేసి రంగు విరగ్గొట్టే పొడులు ఎవరైనా అమ్మజూపితే మీరు కొనొద్దు. కారణం చెప్తాను. మీ రంగుల్లో చాలావరకు అజో రంగులు, అంటే మధ్యలో రెండు నత్రజనులు జంటగా ఉన్న అణువులు. రంగు కనపడేది ఆ జంట వల్లే. దాన్ని తెంచితే నీళ్ళు తెల్లబడతాయి. కానీ తెగిన ముక్కలు ఆరోమాటిక్ అమైన్లు కావచ్చు. బెంజిడీన్ లాంటి కొన్ని అమైన్లు మూత్రాశయ క్యాన్సర్ తెస్తాయని చాలాకాలంగా తెలుసు. అలాంటి అమైన్లు విడుదలచేసే రంగుల్ని 1990లలోనే మన దేశంలో నిషేధించారు. సగం విరిచి వదిలేయడం కంటే, విరవకుండా పట్టుకుని పక్కన పెట్టడమే మీలాంటి ఇంటి పనికి క్షేమం. రంగు కనపడుతుంటే కనీసం జాగ్రత్త పడతాం. తెల్లటి నీళ్ళను ఎవరు అనుమానిస్తారు?

అడుగున దిగిన ముద్దను కాలవలో వేయకండి, ఎరువు గుంతలో అసలే వద్దు. గుడ్డలో వడగట్టి, ఎండబెట్టి, మూత ఉన్న డ్రమ్ములో చేర్చండి. నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి చేరిస్తే దాన్ని ఏం చేయాలో పొల్యూషన్ బోర్డు వాళ్ళను అడగడానికి ఒక దారి ఉంటుంది. అన్నిటికంటే ముందు ఇంకో పని: లేత రంగు తరవాత ముదురు రంగు అద్దే పద్ధతిలో ఒకే రంగు నీళ్ళను రెండు మూడు విడతలు వాడుకోండి. పారబోసే నీళ్ళే తగ్గుతాయి. చేతుల సంగతి అడిగారు, పొడి రంగు తూచేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి. కైటోసాన్‌తో చేతులకు భయం లేదు. రొయ్యలు పడనివాళ్ళు మాత్రం పొడి ముక్కులోకి పోకుండా చూసుకోవాలి.

ప్రశ్న: నేనూ ల్యాబ్‌లో ఇలాంటి పనే చేస్తున్నాను సర్. చీనీ (బత్తాయి) తొక్క రసంతో వెండి నానో కణాలు చేసి, కైటోసాన్ పూసల మీద ఎక్కించి, 4-నైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బోరోహైడ్రైడ్‌తో 4-అమైనోఫినాల్‌గా మారుస్తున్నాం. గ్రాఫ్ చాలా బాగా వచ్చింది. వైవాలో ఏం అడుగుతారో అని టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: చీనీ తొక్క ఎంచుకున్నందుకు ముందు మార్కులు వేసేశాను. టవర్ క్లాక్ దగ్గర జ్యూస్ బండ్ల వెనక ఆ గుట్ట చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది.

వైవాలో నేనుంటే ఇవి అడుగుతానమ్మా. నీళ్ళు పీల్చుకునే కాంతి గ్రాఫ్‌లో 400 నానోమీటర్ల దగ్గర నైట్రోఫినాల్ పసుపు రంగు శిఖరం తగ్గి ఉంటుంది, 300 దగ్గర 4-అమైనోఫినాల్ శిఖరం లేచిందా? మొదటిది తగ్గి రెండోది లేవకపోతే నీ పూసలు నైట్రోఫినాల్‌ను మింగి కూర్చున్నాయి, చర్యే జరగలేదు. వెండి లేని ఉత్త కైటోసాన్ పూసలతో, ఉత్త బోరోహైడ్రైడ్‌తో విడివిడిగా చేశావా? ఈ చర్య శక్తి లెక్కన జరగదగినదే అయినా, ఉత్ప్రేరకం లేకపోతే పసుపు గంటల తరబడి అలాగే ఉంటుంది. ఆ బ్లాంక్ (ఉత్ప్రేరకం లేకుండా చేసిన పోలిక పరీక్ష) చూపించకపోతే మిగతా గ్రాఫులకు కాళ్ళు లేవు. బోరోహైడ్రైడ్ బాగా ఎక్కువ వేశావు కాబట్టే రేటు ఒక్క నైట్రోఫినాల్ మీదే ఆధారపడినట్టు కనపడుతుంది, దాన్ని మిథ్యా ప్రథమ క్రమాంకం అంటున్నాం. ఈ మాట బట్టీ పట్టకు, కారణం చెప్పు. రేటు స్థిరాంకాన్ని వేరేవాళ్ళ పేపర్లతో పోల్చేటప్పుడు ఎన్ని మిల్లీగ్రాముల వెండికి ఆ రేటు వచ్చిందో చెప్పకపోతే ఆ పోలిక చెల్లదు.

తరవాత, పూసల్ని మధ్యలో వడగట్టి తీసేశాక ఆ నీళ్ళలో చర్య ఆగిందా, సాగిందా? సాగితే వెండి కరిగి నీళ్ళలోకి దిగుతున్నట్టు. ఒక విషం తీయబోయి ఇంకో లోహం కలిపినట్టవుతుంది. అయిదుసార్లు తిరిగి వాడామని అందరూ రాస్తారు. అయిదోసారి తరవాత పూసల్లో వెండి ఎంత మిగిలిందో రాసేవాళ్ళు తక్కువ.

"ఇది పర్యావరణానికి మేలు" అని మాత్రం గొప్పగా చెప్పొద్దు. 4-అమైనోఫినాల్ పారాసెటమాల్ తయారీకి ముడిసరుకు, విలువైనదే. కానీ అది కూడా నీళ్ళలో వదలదగ్గది కాదు. బోరోహైడ్రైడ్ ఖరీదు, తడి తగిలితే హైడ్రోజన్ వదులుతుంది, చివరికి నీళ్ళలో బోరాన్ మిగులుస్తుంది. ఇది ఉత్ప్రేరకం సత్తా కొలవడానికి పెట్టుకున్న పరీక్ష. చెరువు శుభ్రం చేసే పద్ధతి కాదు. ఆ మాట నీ నోటితో నువ్వే ముందు చెప్పేస్తే ఎగ్జామినర్ సగం మెత్తబడతాడు.

"వెండి బదులు ఇనుము వాడి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేయొచ్చు కదా?" అని కూడా అడగొచ్చు. ఫెంటన్ అనే శాస్త్రవేత్త 1894లో వర్ణించిన చర్య అది. అందులో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ రంగును నిజంగానే ముక్కలు చేస్తాయి, తగినంత సేపు సాగితే కార్బన్ డయాక్సైడ్ దాకా. అయితే ఆ చర్య బాగా నడిచేది పీహెచ్ 3 దగ్గర. ఆ పులుపులో నీ కైటోసాన్ పూసలు కరుగుతాయి. గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో కైటోసాన్ గొలుసుల మధ్య అడ్డుముళ్ళు వేసి కరగకుండా ఆపొచ్చు, కానీ అందులో అమైన్లు కొన్ని ఖర్చయిపోయి పట్టుకునే గుణం తగ్గుతుంది. పైగా ఆ రాడికల్స్‌కు రంగూ కైటోసానూ ఒకటే, రెండిటినీ కొరుకుతాయి. ఈ రంగంలో ఇప్పుడు పని చేసేవాళ్ళ తలనొప్పి చాలావరకు ఇక్కడే ఉంది. నీకు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఇక్కడ తవ్వు.

ప్రశ్న: మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని రిపోర్టు వచ్చింది. పిల్లల పళ్ళ మీద మరకలున్నాయి. ఈ ఉత్ప్రేరకాలతో ఫ్లోరైడ్ కూడా విరిగిపోతుందా? ఇంట్లో చిల్లగింజ అరగదీసి వేస్తుంటాం, అది చాలదా?
– ఒక పాఠకురాలు, కల్యాణదుర్గం దగ్గరి పల్లె

జవాబు: విరగదమ్మా. ఫ్లోరైడ్ ఒక మూలకం నుంచి వచ్చిన అయాన్. దాన్ని ఏ ఉత్ప్రేరకమూ ముక్కలు చేయలేదు. పట్టుకుని బయటికి తీయడం ఒక్కటే దారి. ఆర్సెనిక్, సీసం లాంటి వాటికీ ఇదే మాట. క్రోమియంలో మాత్రం చిన్న తేడా ఉంది. విషపూరితమైన ఆరో స్థితిలో నుంచి తక్కువ హాని ఉన్న మూడో స్థితికి మార్చొచ్చు. అప్పుడు కూడా క్రోమియం క్రోమియమే, నీళ్ళలో నుంచి తీయక తప్పదు.

చిల్లగింజ మన పెద్దవాళ్ళు కనిపెట్టిన మంచి ఉపాయం. వానాకాలం ఎర్రనీళ్ళలో మట్టిని అడుగుకు దింపుతుంది. మునగ గింజలూ అంతే. ఫ్లోరైడ్‌కు వాటిని నమ్ముకోవద్దు. నీళ్ళు కాచినా పోదు, ఆవిరైనకొద్దీ చిక్కబడుతుంది.

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు. మన అనంతపురం రాళ్ళదీ అదే కథ. గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీళ్ళు వాటిని బాగా కరిగిస్తాయి. బోరు లోతు పెంచితే మంచి నీళ్ళు పడతాయన్న గ్యారంటీ లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు అని మన దేశ ప్రమాణం. మీ రిపోర్టులో అంకె ఎంతుందో ముందు దీనితో పోల్చి చూసుకోండి.

అల్యూమినియం, జిర్కోనియం, లాంథనం లాంటి లోహాల్ని కైటోసాన్‌కు ఎక్కించి చేసిన పూసలు ల్యాబుల్లో ఫ్లోరైడ్‌ను బాగానే పట్టుకుంటున్నాయి. కానీ మన బోరు నీళ్ళలో ఉండే బైకార్బనేట్ ఆ చోట్లకు పోటీ పడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన ఫలితం మీ బిందెలో రాదు. కాబట్టి ఎవరైనా పొట్లం కట్టి అమ్మితే కొనకండి. స్కీము నీళ్ళు, అంటే నది నుంచి వచ్చే కుళాయి నీళ్ళు మీ ఊరికి వస్తుంటే, తాగడానికీ వంటకూ అవే వాడండి, బోరు నీళ్ళు స్నానానికి, బట్టలకు. అవి రాకపోతే సరిగ్గా చూసుకునే ఆర్‌ఓ ప్లాంటు, లేదా యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టరు. ఫిల్టరైతే దాన్ని ఎప్పటికప్పుడు శుద్ధి చేసి మళ్ళీ పనికొచ్చేలా చేయించాలి, లేకపోతే ఉత్త డబ్బానే. నల్లగొండ పద్ధతి అని పటిక, సున్నంతో నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్ళు రూపొందించింది ఒకటి ఉంది. కొలతలు తప్పితే అల్యూమినియం మిగులుతుంది కాబట్టి ఇంటి వాడకానికి నేను చెప్పను. పళ్ళ మీద వచ్చిన మరకలు నీళ్ళు మార్చినంత మాత్రాన పోవు. కానీ పళ్ళు ఇంకా లోపలే తయారవుతున్న చిన్నపిల్లలుంటే వాళ్ళకు నీళ్ళు ఇప్పుడే మార్చండి.

ప్రశ్న: మాకు బుడ్డల మిల్లు ఉంది. పొట్టును బాయిలర్లకు, ఇటుకల బట్టీలకు అమ్ముతున్నాం. ఈ కెమికల్ పొడుల వాళ్ళు మంచి రేటుకు కొంటారా? నిల్వ చేసుకోమంటారా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: వద్దు. బట్టీ వాడికే అమ్మండి. ల్యాబు వాళ్ళకు కావలసింది అరబస్తా, అదీ ఉచితంగా అడుగుతారు. పొట్టు చవక కావడం ఇక్కడ సమస్యే కాదు. కైటోసాన్ తీయడానికయ్యే ఆమ్లం, కాస్టిక్ సోడా, ఆ పని తరవాత మిగిలే మురికి నీళ్ళే అసలు ఖర్చు. నీళ్ళు శుభ్రం చేసే పదార్థం తయారీలోనే బోలెడు నీళ్ళు పాడవుతాయి, ఈ లెక్క పేపర్లలో అరుదుగా కనపడుతుంది. రొయ్య పెంకులు దొరికేది భీమవరం, నెల్లూరు వైపు, మీ పొట్టు ఉన్నది ఇక్కడ. లారీ కిరాయి కూడా వేసుకోండి.

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలతో సైన్స్ ఫెయిర్‌కు దీని మీద ప్రాజెక్టు చేయిద్దామనుకుంటున్నాను. ప్రమాదం లేకుండా ఏం చేయొచ్చు?
– ఒక టీచరు, ప్రొద్దుటూరు

జవాబు: బోరోహైడ్రైడ్, క్రోమియం, సీసం లవణాలు స్కూలు గేటు దాటి లోపలికి రానివ్వకండి. బుడ్డల పొట్టు చాలు. బాగా కడిగి, నీళ్ళలో రంగు దిగడం ఆగేదాకా ఉడకబెట్టి, ఎండబెట్టి, మిక్సీలో పొడి చేయించండి. అక్వేరియం షాపుల్లో మిథిలీన్ బ్లూ చిన్న సీసా దొరుకుతుంది. గ్లాసు నీళ్ళకు ఒకటి రెండు చుక్కలు. ఇంకో గ్లాసులో మిఠాయిల్లో వాడే ఎర్ర ఫుడ్ కలర్. రెండిట్లోనూ ఒకే కొలత పొడి వేసి కలిపి వదిలేయండి. పొడి వేయని గ్లాసులు కూడా పక్కన ఉండాలి.

నీలం బాగా తగ్గుతుంది, ఎరుపు పెద్దగా తగ్గదు. పొట్టు ఉపరితలానికి నీళ్ళలో రుణావేశం ఉంటుంది, మిథిలీన్ బ్లూది ధనావేశం, ఎర్ర ఫుడ్ కలర్‌ది రుణావేశం. కైటోసాన్ దొరికితే పరిస్థితి తారుమారు, అది ఎరుపునే ఎక్కువ పట్టుకుంటుంది. పొట్టునూ కైటోసాన్‌నూ ఎందుకు కలుపుతున్నారో పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేకుండా అర్థమవుతుంది. ఆ తరవాత నీలం పట్టిన పొట్టును వడగట్టి తెల్ల వెనిగర్‌లో వేయించండి. కొంత నీలం మళ్ళీ బయటికి వస్తుంది. చార్టు మీద "కాలుష్యం మాయం" అని రాయబోయే పిల్లవాడిని అక్కడ ఆపి, ఆ వెనిగర్ గ్లాసును కూడా టేబుల్ మీద పెట్టించండి. జడ్జీలు అడిగేది దాని గురించే.

మిథిలీన్ బ్లూ చేతికి అంటితే ఒక పట్టాన వదలదు, యూనిఫాంకు అంటితే అసలే వదలదు. తెల్ల చొక్కాల రోజున పెట్టుకోకండి.